సిమ్స్ 4 కంప్యూటర్ ఆటలో ఇళ్లు కట్టి అమర్చే బిల్డ్ మోడ్‌లో ఫర్నిచర్‌ను నచ్చిన కోణంలో తిప్పవచ్చా?

తిప్పవచ్చు; కంప్యూటర్‌లో ఆడేవారు ఆల్ట్ కీని నొక్కి ఉంచి, వస్తువును మౌస్‌తో పట్టి తిప్పితే అది ఏ కోణంలోనైనా నిలుస్తుంది. కామా, ఫుల్‌స్టాప్ కీలు వాడినప్పుడు వస్తువు ఒక్కోసారికి 45 డిగ్రీల చొప్పున మాత్రమే తిరుగుతుంది. నేలను చదరపు గళ్లుగా విభజించి, వస్తువులు ఆ గళ్లకు సరిపడేలా కూర్చునే ఏర్పాటు ఆటలో ఉండటమే ఇందుకు కారణం. పాత్రలు నడిచే దారి, కుర్చీకీ బల్లకీ ఉండే జత ఈ అమరికలో తేలికగా కుదురుతాయి కనుక ఇది ఉపయోగకరమైన కట్టుబాటే. ఆల్ట్ నొక్కి ఉన్నంతసేపు అది సడలుతుంది.

ఉదాహరణకు, గది మూలనున్న సోఫా కుర్చీని టీవీ వైపు కొద్దిగా మళ్లించాలంటే 45 డిగ్రీలు ఎక్కువవుతాయి. అక్కడ ఆల్ట్ పద్ధతే తగినది. భోజనాల బల్ల దగ్గరి కుర్చీలను మాత్రం గళ్ల ప్రకారమే ఉంచడం మేలు, ఎందుకంటే బల్లతో జత తప్పిన కుర్చీలో కూర్చుని పాత్రలు ఆ బల్లపై భోజనం చేయలేవు.

ఇలా తిప్పడానికి మూవ్ ఆబ్జెక్ట్స్ చీట్ (ఆట కట్టుబాట్లను సడలించే కోడ్) తప్పనిసరి అని చాలామంది పొరబడతారు. ఆ చీట్ వస్తువులను ఒకదానిలోకి ఒకటి చొచ్చుకునేలా పెట్టడానికి ఉద్దేశించినది. కోణం మార్చడానికి దాని అవసరం లేదు.