ఆ జాబ్ షీటు ఎక్కడ పెట్టారమ్మా?

ప్రశ్న: మాది తిరుపతి. 2024 ఆగస్టులో గృహప్రవేశానికి ఊళ్లోనే ఒక షోరూంలో 48 వేలు పెట్టి డిష్‌వాషర్ కొన్నాం. రెండేళ్ల వారంటీ. ఆ ఏడాది దీపావళి మర్నాడు, నవంబరు 1న, డిటర్జెంట్ పెట్టే అర మూత తెరుచుకోలేదు. గిన్నెలు జిడ్డుగానే వచ్చాయి. నాలుగుసార్లు కంపెనీ వాళ్లు వచ్చారు. వచ్చి వెళ్లాక పది రోజులు పనిచేసి మళ్లీ మొరాయిస్తుంది. పనిమనిషిని మాన్పించానని అత్తగారి సాధింపు రోజూ ఉంది. చెయ్యి నొప్పితో నేనే తోముకుంటున్నాను. 2025 మార్చిలో వచ్చినతను 'ఆక్చుయేటర్ పనిచేయడం లేదు, పార్టు ఆర్డర్' అని కాగితం మీద రాసిచ్చాడు, పార్టు మాత్రం రాలేదు. ఈ ఆగస్టులో, అంటే 2026లో, వారంటీ అయిపోయిందనీ, మా బోరు నీళ్ల వల్లే పాడైందనీ, 6,500 కట్టమనీ మెయిల్ పంపారు. తెలిసిన మెకానిక్‌తో విప్పించి బాగు చేయించుకుని ఆ తర్వాత కేసు వేద్దామంటున్నాడు మా తమ్ముడు. మానసిక వేదనకు ఎంత అడగొచ్చు?

జవాబు: అమ్మా, వేదనకు ఎంత అడగాలన్నది ఆఖరున చూద్దాం. మీ అత్తగారి మాటలు వినియోగదారుల కమిషన్ ముందు సాక్ష్యం కావు. ఇంత రాసి, కేసు తేల్చే మాటను మధ్యలో ఒక్క వాక్యంలో దాటేశారు. 2025 మార్చిలో టెక్నీషియన్ రాసిచ్చిన కాగితం, అంటే జాబ్ షీటు, ఎక్కడ ఉంది?

దాని బలం ఏమిటో చెబుతాను. వస్తువులో లోపం ఉందని నిరూపించాల్సింది కొన్నవాళ్లే. కంపెనీ లాయరు మిమ్మల్ని అడిగేవి నాకు ఇప్పుడే తెలుసు. మూతకు అడ్డంగా పెద్ద పళ్లెమో గరిటో పెట్టారా? తడి అరలో టాబ్లెట్ పెడితే అది కరిగి మూతకు అతుక్కుందా? డిటర్జెంటే అవసరం లేని రిన్స్ ప్రోగ్రాం పెట్టి, మూత తెరుచుకోలేదంటున్నారా? ఈ మూడింటిలో ఏది నిజమైనా లోపం మెషీన్‌ది కాదు, మీది. అదే ఆక్చుయేటర్ చచ్చిపోయిందంటే లెక్క మారుతుంది. వాష్ మధ్యలో కరెంటు అందుకుని మూత గడియను వదిలించే చిన్న భాగం అది. మీరు గిన్నెలు ఎలా సర్దారన్నదానితో దానికి పనిలేదు. ఆ సంగతి వారంటీ నడుస్తుండగా కంపెనీ పంపిన మనిషే రాసిచ్చాడు. ఇప్పుడు బోరు నీళ్లంటున్న కంపెనీ, అప్పుడు తన మనిషి ఆ మాట ఎందుకు రాయలేదో చెప్పుకోవాలి. అయినా నీళ్ల గట్టిదనం తగ్గించడానికి మెషీన్‌లో పోసే ఉప్పు కొన్న బిల్లులు వెతికి పెట్టండి. మీ వీధికి వచ్చేది కల్యాణి డ్యామ్ నీళ్లయితే మున్సిపల్ కుళాయి రసీదు కూడా జతచేయండి.

ఇక మీ నిర్లక్ష్యం. వచ్చిన ప్రతివాడూ "మేడం, ఓటీపీ వచ్చింది, చెప్పండి" అనగానే చెప్పేసి ఉంటారు. సమస్య తీరితేనే చెప్పమని ఆ మెసేజ్‌లోనే ఉంటుంది, చదివారా? నాలుగుసార్లు చెప్పి ఉంటే కంపెనీ రికార్డులో నాలుగు ఫిర్యాదులూ 'పరిష్కారమైంది' అనే ఉంటాయి. చదువుకున్నవాళ్లు చేసే పనేనా ఇది? దీనికి విరుగుడు మీ ఫోన్‌లోనే ఉంది. ఒక ఫిర్యాదు మూసిన పది రోజులకే మళ్లీ ఫిర్యాదు చేసిన మెసేజ్‌లు, ఫిర్యాదు నంబర్లు, తేదీలు. ఒక్కటి కూడా డిలీట్ చేయొద్దు, ఫోన్ మార్చొద్దు. జాబ్ షీటు అసలు దొరక్క ఫొటోయే మిగిలితే, అది అసలైన ఫొటోయేనని చెప్పే సర్టిఫికెట్‌ను భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 కింద జతచేయాలి. పాత చట్టంలో 65బీ అనేవాళ్లం, అదే ఇది. కార్బన్ కాపీ దొరికితే ఇవాళే జిరాక్స్ తీయించండి, ఆ అక్షరాలు ఎక్కువ రోజులు నిలవవు.

మీ తమ్ముడి సలహా గురించి గట్టిగానే చెబుతున్నాను. ఆ మెషీన్ మీద బయటి మెకానిక్ చెయ్యి పడకూడదు. అతను మూత ఊడదీసి పార్టు మార్చిన క్షణం మీ సాక్ష్యం పోతుంది. లోపం అతను చేసిందే అనడానికి కంపెనీకి దారి దొరుకుతుంది. రేపు కమిషన్ నిపుణుడితో తనిఖీ చేయించాలన్నా తనిఖీకి ఏం మిగులుతుంది? ఆ 6,500 కూడా కట్టొద్దు. తప్పక కట్టాల్సి వస్తే, అభ్యంతరం తెలుపుతూనే కడుతున్నానని ముందు మెయిల్ పెట్టి కట్టండి. అప్పుడు కూడా తీసేసిన పాత పార్టు మీ దగ్గరే ఉంచుకోండి.

గడువు మాటకు వద్దాం. వినియోగదారుల రక్షణ చట్టం 2019, సెక్షన్ 69 ప్రకారం కేసుకు కారణం పుట్టిన రోజు నుంచి రెండేళ్లలోపు ఫిర్యాదు వేయాలి. ఈ ఆగస్టు మెయిల్ నుంచి లెక్కపెట్టాలని మనం వాదించవచ్చు. కంపెనీ మాత్రం 2024 నవంబరు 1 నుంచే లెక్కపెడుతుంది. ఆ వాదన నెగ్గినా మన ఫిర్యాదు గడువు దాటిపోకూడదంటే అక్టోబరు దాటకుండా వేసేయాలి. నవంబరు 1 ఆదివారం, కాబట్టి ఆఖరి రోజు దాకా లాగొద్దు. దసరా వెళ్లాక చూద్దామనొద్దు. సరైన కారణం చూపితే ఆలస్యాన్ని మన్నించే అధికారం కమిషన్‌కు ఉంది కానీ, "మళ్లీ వస్తామన్నారు, ఎదురుచూశాను" అన్న మాట నిలుస్తుందని నేను హామీ ఇవ్వలేను. ఇంకొకటి, 1915 హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసినా, లాయర్ నోటీసు పంపినా గడువు ఆగదు. అవి చేయండి, వాటిని నమ్ముకుని కూర్చోవద్దు.

ఈ వారంలో ఒక వీడియో తీయండి. బిల్లు మీది సీరియల్ నంబరు, మెషీన్ మీది నంబరు కలిసేలా చూపించండి. గిన్నెలేవీ లేని ట్రేలు, పొడి అరలో డిటర్జెంట్, మూత మూయడం, ఏ ప్రోగ్రాం పెట్టారో కనిపించాలి. చివర్లో తలుపు తీసినప్పుడు మూత మూసే ఉండాలి. మధ్యలో వీడియో ఆపకండి, గంటన్నర పట్టినా సరే. తర్వాత షోరూంకు, కంపెనీకి, సర్వీస్ సెంటర్‌కు కలిపి 15 రోజుల గడువుతో స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. జవాబు రాకపోతే తిరుపతి జిల్లా కమిషన్‌లోనే వేయవచ్చు, మీరు ఉండే ఊరు చాలు. కొన్న ధర 5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు. లాయరు తప్పనిసరి కాదు, మీరే వాదించుకోవచ్చు.

ఏం కోరాలంటే, మొదట పార్టు ఉచితంగా మార్చి పనిచేసేలా చేయడం. కుదరకపోతే 48 వేలు వాపసు. ఆ తర్వాతే వేదనకు పరిహారం, ఖర్చులు. ఒక్క పార్టు లోపానికి కొత్త మెషీనే కావాలని పట్టుబడితే కమిషన్ ఒప్పుకోకపోవచ్చు. పరిహారం లక్షల్లో అడిగితే మీ మిగతా మాటల మీదా అనుమానం వస్తుంది. పది, పదిహేను వేల దగ్గర ఆగండి.

అది తేలేలోపు కంపెనీ మళ్లీ మనిషిని పంపవచ్చు. రానివ్వండి. అతని ముందే ఒక వాష్ పూర్తిగా నడిపించి, మూత తెరుచుకుందో లేదో చూసి, అదే జాబ్ షీటులో రాయించి ఫొటో తీసుకున్నాకే ఓటీపీ చెప్పండి.