ఒక్క ఫోటో చూపించి ఇండికేటర్ వేయలేదంటే ఏం చేయాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: మెహదీపట్నం నుంచి వస్తూ మాసబ్ ట్యాంక్ దగ్గర బంజారాహిల్స్ రోడ్ నంబర్ 1 వైపు స్కూటీ మీద ఎడమకు తిరిగారు. ఇండికేటర్ వేసే తిరిగారు. ఎవరూ ఆపలేదు. తర్వాత ఇండికేటర్ వేయలేదని చలాన్ మెసేజ్ వచ్చింది, ఫోటోలో లైటు ఆరి ఉంది. కట్టేయాలా, కాదనాలా?

ఇప్పుడే కట్టకండి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 200 కింద రాజీ రుసుము కట్టడమంటే తప్పు ఒప్పుకుని కేసు మూసేసుకోవడమే. తర్వాత ఎంత బలమైన ఆధారం దొరికినా ఆ డబ్బు వెనక్కి రాబట్టుకోవడం చాలా కష్టం. ముందు కట్టేసి తర్వాత మాట్లాడుకుందాం అనే పద్ధతి ఇక్కడ పనికిరాదు. అలాగని ఊరికే వదిలేయడమూ సరికాదు. బండి అమ్మేటప్పుడు కొనేవాళ్లు మొదట చేసే పని నంబరు కొట్టి పెండింగ్ చలాన్లు చూడటమే.

మెసేజ్‌లో వచ్చిన లింకు మాత్రం నొక్కకండి. చలాన్ పేరుతో వాట్సాప్‌లో ఏపీకే ఫైళ్లు (నొక్కితే ఫోన్‌లో యాప్ ఎక్కించేవి) పంపి ఖాతాలు ఖాళీ చేసే మోసాలు బాగా నడుస్తున్నాయి. తెలంగాణ పోలీసు ఈ-చలాన్ పోర్టల్‌ని మీరే బ్రౌజర్‌లో తెరిచి, చిరునామా చివర గవ్ డాట్ ఇన్ ఉందో లేదో చూసుకుని, బండి నంబరు కొట్టండి. అక్కడ కనిపించని చలాన్ చలానే కాదు. కనిపిస్తే ఆ వరుస మొత్తం స్క్రీన్‌షాట్ తీయండి: చలాన్ నంబరు, తేదీ, సమయం, స్థలం, ఏ ట్రాఫిక్ స్టేషన్ పరిధి, ఏ సెక్షన్, జరిమానా ఎంత. జరిమానాతో పాటు యూజర్ ఛార్జీలని 35 రూపాయలు కనిపిస్తాయి, అది రెండో జరిమానా కాదు, కంగారు పడకండి. ఫోటోని స్క్రీన్‌షాట్‌గా కాకుండా ఫైలుగా దింపుకోండి, పెద్దది చేసి చూడాల్సి వస్తుంది.

ఇక అందరూ దాటేసే గడి ఒకటుంది, సెక్షన్. మలుపు తిరిగేటప్పుడు సిగ్నల్ ఇవ్వాలన్న బాధ్యత సెక్షన్ 121లో ఉంది. దానికి శిక్ష మామూలుగా సెక్షన్ 177 కింద పడుతుంది. 2019 సెప్టెంబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన సవరణ ప్రకారం 177లో గరిష్ఠ జరిమానా మొదటిసారి 500, మళ్లీ చేస్తే 1500. రోడ్డు మీద రాజీకి ఎంత తీసుకోవాలన్నది రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయిస్తుంది కాబట్టి మీ చలాన్‌లో అంకె వేరుగా ఉండొచ్చు. అదే గడిలో 184 అని ఉంటే సంగతి వేరు. అది ప్రమాదకరంగా నడపడం. మొదటిసారికే ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలు గానీ, 1000 నుంచి 5000 దాకా జరిమానా గానీ, రెండూ గానీ పడే సెక్షన్. ఎర్ర లైటు దాటడం, ఎదురు దారిలో వెళ్లడం, ఫోను చేత్తో పట్టుకుని నడపడం లాంటివి అందులోకి వస్తాయి. ఒట్టి ఇండికేటర్ విషయాన్ని 184 కింద రాస్తే, మిగతా వాదనలు ఎలా ఉన్నా ముందు ఆ సెక్షన్‌ని ప్రశ్నించి తీరాలి. చిన్న మొత్తమే కదా అని దాన్ని కట్టేస్తే మీ పేరు మీద ప్రమాదకర డ్రైవింగ్ మిగులుతుంది.

ఇక ఫోటో. మీ కేసుకి ప్రాణం ఇక్కడే ఉంది. హెల్మెట్ లేదని ఒక్క ఫోటోతో చెప్పొచ్చు, ఇండికేటర్ వేయలేదని చెప్పలేరు. ఇండికేటర్ అనేది వెలిగి ఆరే లైటు. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 102వ నిబంధన ప్రకారమే అది నిమిషానికి 60 నుంచి 120 సార్లు కొట్టుకోవాలి. 90 సార్లు అనుకుంటే ఒక్కో చుట్టుకి సెకనులో మూడింట రెండు వంతులు. అందులో ఇంచుమించు సగం సేపు లైటు ఆరే ఉంటుంది. కెమెరా షట్టర్ తెరుచుకునేది సెకనులో వందో వంతో, అంతకన్నా తక్కువో. అంటే సక్రమంగా ఇండికేటర్ వేసిన బండిని కూడా ఒక్కసారి క్లిక్ మనిపిస్తే రెండింట ఒక ఫోటోలో ఆరినట్టే పడుతుంది. వేర్వేరు క్షణాల్లో తీసిన రెండు ఫోటోలూ ఆరి ఉండే అవకాశం నాలుగింట ఒకటి, మూడూ ఆరి ఉండే అవకాశం ఎనిమిదింట ఒకటి. ఇదే లెక్క మీకు ఎదురు కూడా తిరుగుతుంది: నాలుగైదు ఫోటోలుండి ఒక్కదాంట్లోనూ లైటు లేకపోయినా, రెండు మూడు సెకన్ల వీడియోలో ఒక్కసారీ వెలగకపోయినా మీ వాదన నిలవదు, కట్టేయండి.

ఫోటోలో ఇంకో రెండు చూడండి. ఒకటి, మలుపులో ఏ దశలో తీశారు? బండి అప్పటికే తిరిగిపోయి కొత్త రోడ్డులో నిటారుగా ఉంటే ఇండికేటర్ ఆపేయడం మామూలే. స్కూటీ మీద బొటనవేలితో స్విచ్ నొక్కి ఆపుతాం. కార్లో స్టీరింగ్ వెనక్కి తిరగగానే ఇండికేటర్ కాడ దానంతట అదే పడిపోతుంది. ఫ్రీ లెఫ్ట్ (సిగ్నల్ కోసం ఆగకుండా ఎడమకు తిరిగే దారి) చివర్న, మలుపు అయ్యాక తీసిన ఫోటోకి మీరు మలుపుకు ముందు ఏం చేశారో చెప్పే శక్తి లేదు. ముందు చక్రం ఎటు తిరిగి ఉంది, జీబ్రా గీతలు బండికి ముందున్నాయా వెనకున్నాయా అన్నది గమనించి ఫిర్యాదులో ఆ మాటే రాయండి. రెండోది ఎండ. ఇండికేటర్ లెన్సు (బల్బు మీది ప్లాస్టిక్ మూత) మీద సూటిగా ఎండ పడితే వెలిగిన 10 వాట్ల బల్బు కూడా ఫోటోలో వెలిసిపోతుంది. లెన్సుకి నల్ల ఫిల్మ్ అంటించి ఉంటే మాత్రం ఈ వాదన ఎత్తకండి, ఆ ఫిల్మ్ మీ తప్పు కిందికే వస్తుంది.

నంబరు కూడా అక్షరం అక్షరం సరిచూడండి. 2024 మార్చి నుంచి కొత్త బండ్లకి టీఎస్ బదులు టీజీ వస్తోంది. టీఎస్ 09 బదులు టీజీ 09 అని కొడితే చలాన్ వేరే బండి మీద పడుతుంది. బి, 8 తారుమారు కావడం పాత జబ్బే. ఫోటోలో ఉన్నది మీ మోడల్, మీ రంగు కాకపోతే పని తేలిక: ఆర్సీ, మీ బండి వెనక వైపు ఫోటో జతచేస్తే చాలు, ఇండికేటర్ చర్చే అక్కర్లేదు.

ఇప్పుడు మీ వైపు ఆధారాలు. డ్యాష్‌క్యామ్ (బండికి బిగించుకుని దారిని రికార్డు చేసే కెమెరా) ఉంటే అసలు ఫైలునే దాచండి. వాట్సాప్‌లో పంపుకున్న కాపీలో నాణ్యత పడిపోతుంది, సమయం వివరాలు పోతాయి. కార్లలో చాలామందికి తట్టని సంగతి ఒకటుంది. డ్యాష్‌క్యామ్‌కి ఇండికేటర్ కనిపించదు గానీ వినిపిస్తుంది. ఆడియో ఆన్‌లో ఉంటే టిక్ టిక్ శబ్దం మలుపుకి ఎన్ని సెకన్ల ముందు మొదలైందో రికార్డులో తెలిసిపోతుంది. స్కూటీకి ఆ సౌకర్యం లేదు కాబట్టి చుట్టుపక్కల దుకాణాల సీసీ కెమెరాలే దిక్కు. అవి కొద్ది రోజులకే పాత రికార్డింగ్ మీద కొత్తది ఎక్కించేస్తాయి. చలాన్ చూసిన రోజే వెళ్లి, సమయం చెప్పి, ఆ రెండు నిమిషాలు కాపీ అడగండి.

బండి కూడా పరీక్షించండి. ఇంటి ముందు ఇండికేటర్ వేసి వెనక నుంచి పది సెకన్ల వీడియో తీయండి. పది నుంచి ఇరవై సార్లు వెలగాలి. ఒక పక్క మామూలుగా, ఇంకో పక్క గబగబా కొట్టుకుంటుంటే గబగబా ఉన్న వైపు ఒక బల్బు పోయినట్టు. వానాకాలం తర్వాత హోల్డర్‌లో పచ్చటి తుప్పు పట్టి, గుంతలో పడ్డప్పుడల్లా లైటు ఆరి వెలగడం కూడా మామూలే. అసలు బల్బు తీసి తక్కువ వాట్ల ఎల్‌ఈడీ పెట్టించినా, లైటుని వెలిగించి ఆర్పే ఫ్లాషర్ మార్చకపోతే కొట్టుకునే వేగం పెరుగుతుంది. లోపం బయటపడితే బాగుచేయించి చలాన్ కట్టేయండి. స్విచ్ వేశాను, బల్బు వెలగలేదు అన్నది జవాబు కాదు, బల్బు బాధ్యత కూడా నడిపేవాళ్లదే.

ఫిర్యాదు పోర్టల్‌లోనే పెట్టండి, లేదా చలాన్ మీద ఉన్న ట్రాఫిక్ స్టేషన్‌లో రాతపూర్వకంగా ఇచ్చి రసీదు ముద్ర వేయించుకోండి. పరిధి చూసుకోవడం ముఖ్యం. సైబరాబాద్ చలాన్ పట్టుకుని హైదరాబాద్ కమిషనరేట్‌కి వెళ్తే తిప్పి పంపుతారు. కోపం, కుటుంబ పరిస్థితులు, రోజూ అందరూ చేసేదే కదా అన్న మాటలు వద్దు. ఇలా రాస్తే చాలు:

"చలాన్ నంబరు ఫలానా, తేదీ, సమయం ఫలానా. మలుపు తిరిగేటప్పుడు ఇండికేటర్ వేయలేదని దీనిలో ఉంది. ఆధారంగా ఒకే ఒక ఫోటో ఉంది. ఇండికేటర్ నిమిషానికి 60 నుంచి 120 సార్లు వెలిగి ఆరుతుంది కనుక ఒక్క ఫోటోలో ఆరి కనిపించినంత మాత్రాన వేయలేదని తేలదు. పైగా ఫోటో తీసేసరికి బండి మలుపు దాటి జీబ్రా గీతల అవతల ఉంది. వీడియో గానీ వరుస ఫోటోలు గానీ ఉంటే చూపించండి, లేకుంటే చలాన్ రద్దు చేయండి. ఇండికేటర్ పనితీరు వీడియో, ఆర్సీ కాపీ జతచేశాను."

ఫిర్యాదు చివర్లో కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లోని 167ఎ నిబంధన ప్రస్తావించండి. 2021 ఆగస్టులో వచ్చిన ఈ నిబంధన ప్రకారం కెమెరాతో పట్టిన ఉల్లంఘనకి నోటీసు 15 రోజుల్లోపు పంపాలి. ఉల్లంఘన, నంబరు ప్లేటు రెండూ స్పష్టంగా కనిపించే ఫోటో, తేదీ, సమయం, స్థలం, ఏ సెక్షన్ ఉల్లంఘించారో అన్నీ ఉండాలి. కేసు తేలేదాకా ఆ రికార్డు భద్రపరచాలి. ఆ పరికరానికి ఆమోద ధ్రువపత్రం ఉండాలి, దాన్ని ఏటా కొత్తది చేయించాలి. పరికరాల జాబితాలో సీసీ కెమెరా, స్పీడ్ గన్, ఒంటికి తగిలించుకునే కెమెరా, డ్యాష్‌బోర్డ్ కెమెరా, నంబరు ప్లేటు చదివే కెమెరా పేర్లున్నాయి. మీ ఫోటో దేనితో తీశారో అడిగే హక్కు మీకుంది. జవాబు రాకపోతే పది రూపాయల పోస్టల్ ఆర్డర్‌తో సమాచార హక్కు దరఖాస్తు పెట్టి, ఆ చలాన్‌కి సంబంధించిన ఫోటోలన్నీ, వీడియో ఉంటే వీడియో, పరికరం ధ్రువపత్రం కాపీ కావాలని అడగండి. 30 రోజుల్లో సమాధానం ఇవ్వాలి. ఎందుకు వేశారు, న్యాయమేనా లాంటి ప్రశ్నలు పెడితే అది సమాచారం కాదని తోసేస్తారు, కాగితాలు మాత్రమే అడగండి.

రద్దు చేయలేదు, మీరూ కట్టలేదు, అప్పుడు విషయం కోర్టుకి వెళ్లొచ్చు. సమన్లు వస్తే తప్పకుండా వెళ్లండి. ఇక్కడ ఇంకో లెక్క ఉంది. జరిమానా మాత్రమే పడే నేరాన్ని కోర్టు విచారణకి తీసుకోవడానికి గడువు ఆరు నెలలు, క్రిమినల్ కేసులు నడిపే పద్ధతి చెప్పే చట్టం, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, సెక్షన్ 514 అదే చెబుతుంది. 177 ఈ కోవలోకి వస్తుంది. జైలు ఉన్న 184 రాదు, దానికి ఏడాది. కానీ గడువు దాటినంత మాత్రాన పోర్టల్‌లో చలాన్ మాయం కాదు. కోర్టులో ఎత్తాల్సిన అభ్యంతరం అది, రోడ్డు మీద ఆపిన కానిస్టేబుల్‌తో వాదించాల్సింది కాదు. రోడ్డు మీద ఆపితే ఫిర్యాదు నంబరు, రసీదు చూపించి, ఇది విచారణలో ఉందని మర్యాదగా చెప్పండి.

అక్కడికక్కడే ఆపి రాసిన చలాన్ అయితే మాత్రం ఇంత ఆశ పెట్టుకోకండి. అక్కడ అధికారి కళ్లారా చూశానని చెబుతారు, అదే సాక్ష్యం. ఫోటో లెక్క అక్కడ పెద్దగా పనిచేయదు. డ్యాష్‌క్యామ్ గానీ సీసీ రికార్డింగ్ గానీ లేకుండా ఆ కేసులో కోర్టుల చుట్టూ తిరిగితే జరిమానా కన్నా పోయే పనిదినాల ఖర్చే ఎక్కువ.

పెండింగ్ చలాన్ల మీద ప్రభుత్వం ఇచ్చే రాయితీ కోసం ఆగుదాం అని సలహా ఇచ్చేవాళ్లుంటారు. 2022లో ద్విచక్ర వాహనాలకి 75 శాతం, 2023 డిసెంబరులో మొదలైన విడతలో 80 శాతం తగ్గించిన మాట నిజమే. తప్పు చేసినవాళ్లకి అది తగ్గింపు. చేయని తప్పుకి ఇరవై శాతం కట్టినా ఒప్పుకున్నట్టే. మీ పేరు మీద వేరే చలాన్లు కూడా ఉండి వాటిని కట్టాలనుకుంటే, చెల్లించే ముందు జాబితాలో దీని పక్కన టిక్ తీసేశారో లేదో చూసుకోండి. అన్నీ ఒకేసారి ఎంచుకుని నొక్కేస్తే ఇది కూడా వాటితో పాటే వెళ్లిపోతుంది.