ఐదేళ్ల బాబు, రెండేళ్ల పాపతో టోక్యో వెళ్లవచ్చా?

మీ ప్రశ్న చూడగానే జవాబు రాయాలనిపించింది. ఐదేళ్ల బాబు, రెండేళ్ల పాపతో ఏప్రిల్ 28 నుంచి వారం రోజులు టోక్యో వెళ్దామనుకుంటున్నామని, ఆ రద్దీలో పిల్లలు తప్పిపోతారేమోనని టెన్షన్‌గా ఉందని, పిల్లల్ని తన దగ్గర వదిలి మీ ఇద్దర్నే వెళ్లమని మీ అత్తగారు అంటున్నారని రాశారు. రెండేళ్ల కిందట అక్టోబరులో మేము ఐదేళ్ల బాబుతో, ఏడాదిన్నర పాపతో తొమ్మిది రోజులు అక్కడ ఉండి వచ్చాం. మా తమ్ముడు నిషి కసాయ్‌లో ఉంటాడు. మనవాళ్లు, ముఖ్యంగా సాఫ్ట్‌వేర్‌లో పనిచేసే కుటుంబాలు ఎక్కువగా ఉండే పేట అది. వాడి ఇల్లు చిన్నది కాబట్టి మేము ఉయెనో దగ్గర హోటల్లో దిగాం.

తీసుకెళ్లండి. కానీ తేదీలు మార్చే వీలుంటే మార్చండి. ఏప్రిల్ 29, మే 3, 4, 5 అక్కడ ప్రభుత్వ సెలవులు. మధ్యలో మిగిలిన రోజులకు కూడా చాలామంది సెలవు పెట్టేస్తారు. ఆ వారాన్ని గోల్డెన్ వీక్ అంటారు. మే 5 అయితే పిల్లల పండుగే కాబట్టి జూ, ఆక్వేరియం లాంటి చోట్లకు ఊళ్లోవాళ్లందరూ పిల్లల్ని తీసుకుని వస్తారు. హోటల్ రేట్లూ పెరుగుతాయి. పది రోజులు ముందుకు గానీ, మే 8 తర్వాతకు గానీ జరిపితే మీ పని సగం తేలికవుతుంది.

ఇక మీ అసలు భయం గురించి. మా బాబు నిజంగానే తప్పిపోయాడు, ఏడు నిమిషాల పాటు. దాన్ని వివరంగా రాస్తాను, ఎందుకంటే అది రద్దీ వల్ల జరగలేదు.

మూడో రోజు సాయంత్రం, రెండు మూడు లైన్లు కలిసే ఒక పెద్ద స్టేషన్. పాప స్ట్రోలర్‌లో నిద్రపోతోంది. మావారు స్ట్రోలర్ తోసుకుంటూ లిఫ్ట్ దగ్గరికి వెళ్లారు. లిఫ్ట్ అప్పటికే నిండిపోయింది, ఇంకొక్క స్ట్రోలర్‌కి మాత్రమే చోటుంది. నేను సామాను సంచి పట్టుకుని ఎస్కలేటర్ వైపు తిరిగాను. బాబు అంతవరకూ స్ట్రోలర్ పిడి పట్టుకుని నడుస్తున్నాడు కాబట్టి ఆయనతో లిఫ్ట్ ఎక్కాడనుకున్నాను. నేను విడిగా వస్తున్నాను కాబట్టి వాడు నాతో ఉన్నాడని ఆయన అనుకున్నారు. పైకి వెళ్లి ఒకరి మొహం ఒకరం చూసుకున్నాక గానీ తెలియలేదు. ఆ క్షణం తలుచుకుంటే ఇప్పటికీ నా చేతులు చల్లబడతాయి.

వాడు కిందే ఉన్నాడు. జపాన్‌లో చాలా స్టేషన్లలో ఒక చిన్న బల్ల మీద ఆ ఊరి బొమ్మ ఉన్న రబ్బరు స్టాంపు పెడతారు. మొదటి రోజు నుంచీ మా తమ్ముడు వాడికి ఒక నోటుపుస్తకం ఇచ్చి ఆ స్టాంపులు వేయించడం అలవాటు చేశాడు. ఆ బల్ల కనిపించి వాడు ఆగిపోయాడు. నేను పరుగెత్తుకుంటూ దిగేసరికి వాడి పక్కన ఒక పెద్దావిడ నిలబడి ఉంది, యూనిఫామ్‌లో ఉన్న స్టేషన్ ఉద్యోగి మోకాళ్ల మీద కూర్చుని వాడి మెడలోని కార్డు చదువుతున్నాడు. ఆ ఉద్యోగి మావారి నంబరు నొక్కుతుండగా నేను చేరాను. నన్ను చూసేదాకా వాడు ఏడవలేదు.

ఆ రాత్రి మేమిద్దరం కూర్చుని ఒక పద్ధతి పెట్టుకున్నాం. మీకు నేను చెప్పదలచుకున్న అసలు విషయం ఇదే. ఇద్దరు పెద్దవాళ్లు విడిపోయే ప్రతిసారీ పిల్లల్ని పైకి అని మరీ అప్పగించుకోవాలి. "బాబు నీ దగ్గర" అని ఒకరు అంటే, "బాబు నా దగ్గర" అని రెండోవాళ్లు నోటితో అనాలి. తల ఊపితే కుదరదు. లిఫ్ట్ దగ్గర, టాయిలెట్ దగ్గర, బిల్లు కట్టే కౌంటర్ దగ్గర, ఫోన్‌లో మ్యాప్ చూసుకోవడానికి ఆగినప్పుడు కూడా అంతే. నా అనుభవంలో పిల్లలు చెయ్యి జారేది జనం తోసుకున్నప్పుడు కాదు, ఆ తోపులాటలో మనం గట్టిగానే పట్టుకుంటాం. అమ్మా నాన్నా ఇద్దరూ ఉన్నారన్న ధీమాలోనే జారిపోతారు. మీ అత్తగారు కూడా మీతో వస్తే ఇది ఇంకా అవసరం. ముగ్గురు పెద్దవాళ్లున్నప్పుడు ప్రతి ఒక్కరూ మిగతా ఇద్దరిలో ఎవరో చూస్తున్నారులే అనుకుంటారు.

మెడలో కార్డు అన్నాను కదా. హోటల్ వాళ్లనే అడిగి ఒక వైపు జపనీస్‌లో మా నంబరు, హోటల్ పేరు, పిల్లవాడికి జపనీస్ రాదు అనే మాట రాయించుకున్నాం. పేరు పైకి కనిపించకుండా చొక్కా లోపల వేయండి. వాళ్ల భాషలో తప్పిపోయిన పిల్లల్ని "మైగో" అంటారు. ఎవరైనా సాయం చేయడానికి వస్తే ఆ ఒక్క మాట చాలు. కూడళ్లలో, స్టేషన్ల బయట "కోబాన్" అని చిన్న పోలీసు గదులుంటాయి, దారి తెలియకపోయినా అక్కడే అడగవచ్చు. పోలీసుకు 110, అంబులెన్స్‌కు 119.

బాబుకు రెండు మాటలు నేర్పండి. మేము కనిపించకపోతే వెతకడానికి రావద్దు, ఉన్నచోటే ఆగు. పొరపాటున రైలు తలుపులు పడి నువ్వు లోపల, మేము బయట ఉండిపోతే వచ్చే స్టేషన్లో దిగి అక్కడే నిలబడు, మేము వస్తాం. మేము ఇంట్లో సోఫాను రైలు చేసి నాలుగైదు సార్లు ఆడించాం. రైలు ఎక్కేటప్పుడు ఒక పెద్దవాళ్లు ముందు, పిల్లలు మధ్యలో, రెండోవాళ్లు చివర. దిగేటప్పుడూ అదే వరస.

రైళ్ల గురించి అంత భయం అక్కర్లేదు, వేళ చూసుకుంటే చాలు. పొద్దున ఏడున్నర నుంచి తొమ్మిదిన్నర దాకా స్టేషన్ వైపు వెళ్లకండి. తమ్ముడు రోజూ ఎక్కే తోజాయ్ లైన్ ఆ వేళలో ఎలా ఉంటుందో ఒకసారి ప్లాట్‌ఫామ్ మీంచి చూశాను, స్ట్రోలర్ మాట అటుంచి చంటిపిల్లను ఎత్తుకుని కూడా ఎక్కలేం. పది దాటాక అదే లైన్లో కూర్చుని వెళ్లాం. ఆరేళ్లలోపు పిల్లలకు టికెట్ లేదు, టికెట్ ఉన్న ఒక్కో పెద్దవాళ్లతో ఇద్దరు పిల్లల వరకు ఉచితంగా వెళ్లవచ్చు. కాబట్టి ముందే డబ్బు వేసుకుని ఛార్జీకి వాడే సుయికా గానీ పాస్మో గానీ కార్డు మీ ఇద్దరికీ చెరొకటి సరిపోతుంది. 2014 నుంచి రైల్లో స్ట్రోలర్ మడవక్కర్లేదని అక్కడి ప్రభుత్వమే మార్గదర్శకాలు ఇచ్చింది, దాని కోసం ప్రత్యేకంగా గుర్తు కూడా ఉంటుంది. ఒంటి చేత్తో మడిచేంత తేలికైనది తీసుకెళ్లండి. లిఫ్ట్ సాధారణంగా ప్లాట్‌ఫామ్‌కు ఏదో ఒక కొసన ఉంటుంది. ఎన్నో పెట్టె దగ్గర దిగితే లిఫ్ట్ దగ్గరో చాలా మెట్రో స్టేషన్ల స్తంభాల మీద బోర్డు ఉంటుంది. ఎక్కే ముందే అది చూసుకుంటే దిగాక ఎదురు నడవక్కర్లేదు. మ్యాప్ పది నిమిషాలు అని చూపిస్తే పిల్లలతో పాతిక అనుకోండి. టోక్యో స్టేషన్లోనే కేయో లైన్ ప్లాట్‌ఫామ్‌కు మిగతా లైన్ల నుంచి నడవడానికి మాకు పావుగంట పైనే పట్టింది.

రోజుకు ఒక్క చోటే పెట్టుకోండి. రెండో రోజు మేము అసకుసా, ఉయెనో, షిబుయా మూడూ చూద్దామని బయలుదేరాం. షిబుయా కూడలి దాటేసరికి పాప గుక్కపట్టి ఏడుపు, బాబు నడవనని కింద కూర్చున్నాడు. ఏమీ చూడకుండా వెనక్కి వచ్చాం. తర్వాతి రోజు నుంచి పదింటికి బయలుదేరి, రెండుకల్లా గదికి వచ్చి, పాప నిద్ర లేచాక దగ్గర్లోని పార్కుకు మాత్రమే వెళ్లేవాళ్లం. ఉయెనో జూ 1882 నాటిది, పార్కులోనే ఉంటుంది, చిన్నపిల్లలకు టికెట్ లేదు, మామూలుగా సోమవారం మూసేస్తారు. కసాయ్ రిన్కాయ్ పార్కులోని ఆక్వేరియంలో పెద్ద పెద్ద ట్యూనా చేపలు మన చుట్టూ తిరుగుతుంటే మా పాప అరగంట అద్దానికి అతుక్కుపోయింది. అక్కడ బుధవారం సెలవు. మీరు రాసిన రోజుకు తొమ్మిది గంటల ప్రోగ్రాం చూశాను, అందులో సగం తీసేయండి.

పాలు, డైపర్ల విషయంలో నిశ్చింతగా ఉండండి. పెద్ద డిపార్ట్‌మెంట్ స్టోర్లలో పిల్లల బట్టలు అమ్మే అంతస్తులో బేబీ రూమ్ ఉంటుంది. డైపర్ మార్చే బల్లలు, పాలపొడి కలపడానికి వేడినీళ్లు, తల్లి పాలివ్వడానికి తెరచాటు అన్నీ ఉంటాయి, ఏమీ కొనక్కర్లేదు. డైపర్లు మందుల షాపుల్లో దొరుకుతాయి, పిల్లల బరువు కిలోల్లో రాసి ఉంటుంది. రోడ్ల మీద చెత్తబుట్టలు దాదాపు కనిపించవు కాబట్టి వాడిన డైపర్లకు మూత బిగుసుకునే కవర్లు దగ్గర పెట్టుకోండి.

తిండి దగ్గరే కొంచెం శ్రమ. మీరు శాకాహారులమని రాశారు. అక్కడ కూరగాయల సూప్‌లో, నూడుల్స్‌లో కూడా ఎండుచేపతో కాచిన "దాషి" అనే నీళ్లు ఉంటాయి. చూడ్డానికి శాకాహారంలాగే ఉంటుంది. మేము ఇంటి నుంచి కందిపొడి, అటుకులు, పులిహోర పొడి పట్టుకెళ్లాం. వండిన అన్నం చిన్న డబ్బాల్లో అమ్ముతారు, మైక్రోవేవ్‌లో రెండు నిమిషాలు వేడిచేసి, అక్కడ కొన్న వెన్న వేసి, కందిపొడి కలిపితే పిల్లలిద్దరూ కడుపునిండా తిన్నారు. అరటిపళ్లు, పెరుగు, పాలు ప్రతి వీధి చివరి కన్వీనియన్స్ స్టోర్లోనూ ఉంటాయి. పూర్తి భోజనం కావాలంటే నిషి కసాయ్‌లో మన హోటళ్లున్నాయి. ఒక్క జాగ్రత్త. బంధువుల కోసమని చికెన్ పచ్చడి, మటన్ పచ్చడి లాంటివి, సీజన్ కదా అని మామిడిపళ్లు సూట్‌కేసులో పెట్టకండి. మాంసంతో చేసినవి, తగిన ధ్రువపత్రం లేని తాజా పళ్లు ఎయిర్‌పోర్టులో తీసేసుకుంటారు.

ఎయిర్‌పోర్టు అంటే గుర్తొచ్చింది. నరిటా ఊరికి 60 కిలోమీటర్ల దూరం. ఊరికి దగ్గరగా ఉండే రెండో ఎయిర్‌పోర్టు హనేడాకు టికెట్ దొరికితే కాస్త ఎక్కువైనా అదే తీసుకోండి, నిద్రమొహాల పిల్లలతో ఆ గంట చాలా విలువైనది.

మీ బాబుకు రైళ్లంటే ఇష్టమని రాశారు కాబట్టి ఒక మధ్యాహ్నం యురికమోమెకు కేటాయించండి. డ్రైవర్ లేకుండా నడిచే రైలు అది. ముందు అద్దం దగ్గర సీటు దొరికితే రెయిన్‌బో బ్రిడ్జి మీద వాడే నడుపుతున్నట్టు ఉంటుంది. షింబాషిలో మొదలవుతుంది. ముందు సీటు నిండిపోయి ఉంటే ఆ రైలు వదిలేయండి, కొద్ది నిమిషాల్లోనే ఇంకోటి వస్తుంది. మేము రెండు రైళ్లు వదిలేసి మూడోది ఎక్కాం.