ఆపరేషన్ బాగానే అయింది, మనిషే మునుపటిలా లేరు

ప్రశ్న: మాది తిరుపతి. మా ఆయనకి 58 ఏళ్లు, కిరాణా అంగడి ఉంది. బైపాస్ అయి రెండున్నర నెలలైంది, రిపోర్టులన్నీ బాగున్నాయన్నారు. కానీ అంగడి ఊసే ఎత్తరు, అన్నం సగంలో వదిలేస్తారు, చిన్న మాటకే కోపం, లేకపోతే కన్నీళ్లు. మగాడివి ఏడుస్తావేంట్రా అని మా అత్తగారు కసురుతారు. మా అబ్బాయేమో ఆయన్ని మిద్దె మెట్లు కూడా ఎక్కనివ్వడు. నేను భయంతో వేరే మంచం వేసుకుని, రాత్రంతా ఆయన ఊపిరి వింటూ పడుకుంటున్నా. బాగైతే ఆయన చేత కాలినడకన కొండ ఎక్కిస్తానని మొక్కుకున్నా, బ్రహ్మోత్సవాల్లోపే తీర్చాలని అత్తగారి పట్టు. ఏం చేయమంటారు?

అమ్మా, మొక్కు సంగతి తర్వాత, ముందు ఆయన ఏడుపు సంగతి చూద్దాం. బైపాస్ అయినవాళ్లలో దాదాపు ఐదుగురిలో ఒకరికి డిప్రెషన్ వస్తుంది. రొమ్ము ఎముక కోసి, కాలి నుంచి రక్తనాళం తీసి గుండెకి కుట్టి, ఐసీయూలో పగలో రాత్రో తెలియకుండా పడుకుని వచ్చిన మనిషి కదా, మొదటి వారాల్లో నిద్ర పట్టకపోవడం, ఊరికే కళ్లు చెమర్చడం మామూలే, చాలామందికి దానంతటదే సర్దుకుంటుంది. మీ ఆయనకి ఇన్నాళ్లైనా తగ్గలేదంటే అది మొండితనం కాదు, చూపించాల్సిన జబ్బు. వదిలేస్తే మందులు, నడక అన్నిటిమీదా విసుగొచ్చి చివరికి గుండెకే చేటు.

వచ్చే చెకప్‌లో డాక్టర్ ఎలా ఉన్నారంటే ఆయన "బాగున్నా సార్" అనేసి లేచి వచ్చేస్తారు, ఈ విషయంలో మగవాళ్లందరూ ఒకటే. అందుకని మీరు చీటీ రాసుకెళ్లండి: నిద్ర ఎన్ని గంటలు, తిండి ఎంత, ఏడుపు ఎన్నిసార్లు. గుండె వేగం తగ్గించే మాత్రల వల్ల కూడా కొందరికి నీరసం వస్తుంది, అదీ అడగండి, కానీ మీ అంతట మీరు ఒక్క మాత్ర కూడా ఆపొద్దు. నిద్రకని మందుల షాపులో అడిగి తెచ్చి వేయొద్దు. మీ ఊరి రుయా ప్రభుత్వాసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. అక్కడికి రానంటే 14416కి ఫోన్ చేయండి, మనసు బాధలు చెప్పుకోవడానికి ప్రభుత్వం పెట్టిన ఫోన్ సేవ, టెలీ మానస్ అంటారు, డబ్బులేం అక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు.

మీ అబ్బాయిది ప్రేమే, కాదనను. కానీ రెండున్నర నెలల తర్వాత కూడా మంచినీళ్లు మంచం దగ్గరికే తెచ్చిస్తుంటే, నేనిక దేనికీ పనికిరానేమో అని ఆయనకి అనిపించదా? ఎముక అతుక్కోవడానికి 6 నుంచి 8 వారాలు, పూర్తి బలం రావడానికి మూడు నెలల దాకా పడుతుంది. కాబట్టి బియ్యం మూటలు, నూనె డబ్బాలు ముట్టుకోకూడదు, స్కూటర్ డాక్టర్ సరేనన్నాకే. కానీ పొద్దున రెండు గంటలు గల్లా దగ్గర కూర్చుని ఎవరు ఎంత బాకీ ఉన్నారో ఖాతా పుస్తకం చూసుకోవడానికి ఏం అడ్డు? డాక్టర్‌ని ఒక మాట అడిగి పంపండి. సాయంత్రం ఎండ తగ్గాక చదునైన దారిలో, మాట్లాడుతూ నడవగలిగినంత వేగంతో నడిపించండి. మధ్యలో ఛాతీ నొప్పి, ఆయాసం, కళ్లు తిరగడం లాంటివి వస్తే వెంటనే 108. కుట్ల దగ్గర చీము, జ్వరం, ఒక్కసారిగా కాళ్ల వాపు, బరువు పెరగడం కనిపిస్తే అదే రోజు ఆసుపత్రికి. ఇవేవీ లేకపోతే కాపలా కాయడం మానండి.

ఇంకోటి, పరామర్శకని యాపిల్స్ సంచితో వచ్చి "మా తోడల్లుడికీ ఇట్లే చేశారు, ఆర్నెల్లకి..." అని మొదలుపెట్టేవాళ్లు ఉంటారే, వాళ్లని గుమ్మంలోనే కాఫీ ఇచ్చి పంపించేయండి, మర్యాద తక్కువైనా ఫర్వాలేదు.

వేరే మంచం సంగతి మీరు మొహమాటంగా ఒక్క ముక్కలో రాశారు కానీ, అదీ చిన్న విషయం కాదు. ఆయాసం, నొప్పి లేకుండా రెండంతస్తులు ఎక్కగలిగితే దాంపత్యానికి కూడా మామూలుగా డాక్టర్లు అభ్యంతరం చెప్పరు, అడిగితే సిగ్గుపడాల్సిన ప్రశ్న కానే కాదు. అంతదాకా పక్కన పడుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. మీకూ నిద్ర పడుతుంది.

ఇక మొక్కు. మొక్కుకున్నది మీరు, మెట్లెక్కాల్సింది ఆయనా! అలిపిరి దారిలో 3550 మెట్లు, శ్రీవారి మెట్టులో 2388, అదీ బాగా నిటారు. గుండె జబ్బున్నవాళ్లు నడిచి రావొద్దని టీటీడీ వాళ్లే చెబుతారు. ఇప్పుడు ఎక్కించే మాటే లేదు, బ్రహ్మోత్సవాల రద్దీలో అసలే వద్దు. డాక్టర్ సరేనన్నాక రద్దీ లేని రోజు చూసి బస్సులో తీసుకెళ్లండి, కావాలంటే ఆయన తలనీలాలు ఇస్తారు, మెట్లు ఆయన బదులు మీ అబ్బాయి ఎక్కుతాడు. ఇది మీరు చెబితే అత్తగారు వినరని నాకు తెలుసు. చెకప్‌కి ఆవిణ్ణి కూడా వెంటబెట్టుకెళ్లి, ఆ ప్రశ్నేదో డాక్టర్‌ని ఆవిడ చేతే అడిగించండి.