చవకైన స్థలం, మునగని స్థలం: విజయవాడలో రెండూ ఒకచోట ఎందుకు దొరకవు?

మీరు అడిగింది ఇది: "విజయవాడలో చిన్న జీతగాడు కొనగలిగిన స్థలమంతా బుడమేరు వాగు వైపే ఉంది. అటు కొంటే వరద భయం, ఇటు కొందామంటే ధర అందదు. అందుబాటు ధర, వరద నుంచి భద్రత రెండూ ఉన్న నగరం మనకు సాధ్యం కాదా? ఏ విధానం మారాలి?"

సాధ్యమే. అయితే ఆ రెండింటినీ వేర్వేరు సమస్యలుగా చూస్తున్నంత కాలం కాదు. విజయవాడ పరిసరాల్లో నేను చాలా ఏళ్లుగా దస్తావేజు లేఖరిగా పని చేస్తున్నాను. అమ్మేవాళ్లు, కొనేవాళ్లు నా ముందు కూర్చునే ధర మాట్లాడుకుంటారు. గజం ధర తగ్గిన చోట నూటికి తొంభై పాళ్లు కారణం ఒక్కటే: అది నీళ్లు నిలిచే పల్లం. ఆ సంగతి అమ్మేవాడికి తెలుసు, పక్క పొలం రైతుకు తెలుసు. కొనేవాడికి మాత్రం ఏ కాగితమూ చెప్పదు.

నా పనిలో నన్ను ఎక్కువగా బాధపెట్టిన విషయం హద్దులు. దస్తావేజులో తూర్పు, దక్షిణం, పడమర, ఉత్తరం ఏమున్నాయో రాస్తాం కదా. ఒకే భూమికి పాత లింకు దస్తావేజులు వరసగా పరిచి చూడండి. ముప్పై, నలభై ఏళ్ల కిందటి కాగితంలో "ఉత్తరం: మురుగు బోదె" అని ఉంటుంది. తర్వాతి కాగితంలో అది "ఉత్తరం: కాలిబాట" అవుతుంది. ప్లాట్లు వేశాక "ఉత్తరం: 20 అడుగుల రోడ్డు". బోదె ఎప్పుడు పూడింది, ఎవరి అనుమతితో పూడింది అన్న ప్రశ్నకు జవాబుదారీ అయిన అధికారి ఒక్కరూ ఉండరు. రిజిస్ట్రేషన్ కార్యాలయం దస్తావేజును నమోదు చేస్తుంది. భూమి ఎత్తుపల్లాలు దాని పని కాదు. నాలా చట్టం 2025లో రద్దయ్యేదాకా రెవెన్యూ శాఖ ఆ పన్ను కట్టించుకుని సాగు భూమిని సాగేతరంగా మార్చేది. పంచాయతీ ఇంటి పన్ను వేస్తుంది, విద్యుత్ సంస్థ మీటరు బిగిస్తుంది. జలవనరుల శాఖ దగ్గర మ్యాపు ఉంటుంది కానీ ఈ గొలుసులో దాన్ని ఎవరూ అడగరు. ఇన్ని చేతులు దాటి వచ్చిన స్థలాన్ని చట్టబద్ధమైనదని కొనుక్కున్నవాడు నమ్మడంలో తప్పేముంది?

బుడమేరు సంగతి తెలియనివారి కోసం కొంచెం వివరంగా చెబుతాను. మైలవరం వైపు కొండల్లో పుట్టిన ఈ ఏరు సహజంగా విజయవాడ ఉత్తర భాగం మీదుగా, ఎనికేపాడు దగ్గర ఏలూరు కాలువ అడుగు నుంచి దాటి కొల్లేరులో కలవాలి. నగరాన్ని కాపాడేందుకు వెలగలేరు దగ్గర రెగ్యులేటరు కట్టి, మళ్లింపు కాలువ ద్వారా ఆ నీటిని ప్రకాశం బ్యారేజీకి ఎగువన కృష్ణలోకి పంపుతారు. అలా నీళ్లు రాని ఏళ్లలో పాత ఏటి దారి ఎండిపోయి, సన్నబడి, స్థలాలుగా మారింది. 2024 సెప్టెంబరు మొదట్లో మళ్లింపు కాలువ సామర్థ్యమైన 15 వేల క్యూసెక్కులకు రెట్టింపుకు పైగా నీరొచ్చింది. అదే సమయంలో బ్యారేజీ దగ్గర కృష్ణలో 11 లక్షల క్యూసెక్కులు దాటి ప్రవహిస్తోంది. కృష్ణ అంత నిండుగా ఉన్నప్పుడు మళ్లించిన నీళ్లు అందులోకి దిగవు. కాలువకు గండ్లు పడ్డాయి. ఏరు తన పాత దారినే సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట, వాంబే కాలనీ మీదుగా వచ్చింది.

మా అక్కవాళ్లది పాయకాపురం దగ్గర చిన్న డాబా. బావగారు ఆటోనగర్‌లో లేతు మిషను మీద పని చేసి దాచుకున్న సొమ్ముతో కట్టుకున్నది. కింది గది పైకప్పు దాకా మునిగితే మేడ మీద టార్పాలిను కట్టుకుని ఉన్నారు. నీరు తీశాక మేం వెళ్లి బురద ఎత్తిపోశాం. ఫ్రిజ్జు, కుట్టు మిషను, పిల్ల చదువు సర్టిఫికెట్లు, అన్నీ పోయాయి. అక్క ఒక్క మాట అడిగింది: "తమ్ముడూ, ఇది అమ్మితే వచ్చే డబ్బుతో ఎక్కడ కొనగలం?" ఆ ధరకు దొరికేవన్నీ అలాంటి స్థలాలే. నా దగ్గర జవాబు లేదు. మీ ప్రశ్నకు అసలు మూలం అక్కడే ఉంది.

మా ఊళ్లో బీదవాడికి మూడే చోట్లు మిగిలాయి: కొండవాలు, కృష్ణ కరకట్ట, బుడమేరు పల్లం. అదే వానలకు మొగల్రాజపురంలో కొండచరియ విరిగి ఇళ్ల మీద పడి మనుషులు చనిపోయారు. కృష్ణ ఒడ్డునున్న కృష్ణలంకను మాత్రం రక్షణ గోడ కాపాడింది. వేర్వేరు ప్రభుత్వాల కాలంలో విడతలవారీగా కట్టిన ఆ గోడను నేను మనస్ఫూర్తిగా మెచ్చుకుంటాను. కానీ ప్రతి వాగుకూ గోడ కట్టలేం. కట్టినా, గోడ లోపల కురిసిన వాననీరు బయటికి పోయే దారి కావాలి.

ఈ పల్లాలకు జనం తమంతట తామే వెళ్లారనడం న్యాయం కాదు. ప్రభుత్వాలు కూడా చవక భూమి వెతుక్కుంటూ అక్కడికే వెళ్లాయి. జక్కంపూడి కాలనీ కట్టింది ప్రభుత్వమే, అదీ మునిగింది. 2020 డిసెంబరులో మొదలైన ఇళ్ల పట్టాల పథకంలో పట్టణాల్లో కుటుంబానికి ఒక సెంటు, అంటే 48 గజాల చిల్లర, ఇచ్చారు. ఆశయం మంచిదే. కానీ ఎకరాలకు ఎకరాలు ఒకేచోట కావాలంటే దొరికేది ఊరికి దూరంగానో, పల్లపు పొలాల్లోనో. రాజమండ్రి దగ్గర ఆవ అనే పల్లపు భూముల మీద వచ్చిన వివాదం అదే. పని దగ్గర ఇల్లు లేకపోతే ఆటోకు, బస్సుకు పెట్టే ఖర్చు కూడా ఇంటి ఖర్చే. అందుకే చాలామంది పట్టా ఉన్నా నగరంలో అద్దెకే ఉంటున్నారు.

నన్నడిగితే ముందు మారాల్సింది భూమి రికార్డు. సర్వే నంబరువారీగా వరద నీటి దారి గుర్తించి, అది ఈసీలోనూ (ఆ భూమి మీద జరిగిన లావాదేవీలు చూపే ధ్రువపత్రం), నిషేధిత భూముల జాబితాలోనూ కనిపించాలి. ప్లాట్లు వేయకముందే, సాగు భూమి సాగేతరంగా మారే దశలోనే ఆగాలి. ఇప్పటి భవన నిబంధనల్లో పది మీటర్లకు మించిన వాగుకు 9 మీటర్లు, చిన్న కాలువకు 2 మీటర్లు వదలమన్నారు. వాగు అంచు నుంచి కొలిచే ఆ దూరం కిలోమీటర్ల మేర పరుచుకునే బుడమేరుకు ఏం సరిపోతుంది? నీరు నిజంగా ఎంతవరకు వచ్చిందో 2005లో, 2024లో చూశాం. గీత అక్కడ గీయాలి.

అయితే అంతటితో ఆగితే బీదవాడి మీద మరో తలుపు మూసినట్టే. పల్లంలో వద్దన్న ప్రభుత్వం మెట్టలో చోటు చూపించాలి. నగరం నడిబొడ్డున ప్రభుత్వ శాఖల ఖాళీ స్థలాలున్నాయి; ఏళ్ల తరబడి కంచె వేసి ధర పెరగడం కోసం వదిలేసిన ప్రైవేటు స్థలాలున్నాయి. ఖాళీ స్థలాల పన్ను గట్టిగా వసూలు చేస్తే వాటిలో కొన్నయినా బయటికొస్తాయి. పట్టణ బీదలకు ప్రభుత్వం కట్టించే టిడ్కో ఇళ్లలో అతి చిన్నది 300 చదరపు అడుగులు. అలాంటివి బస్సు దొరికే చోట నాలుగైదు అంతస్తుల్లో కడితే కొనడానికీ, అద్దెకు ఉండడానికీ జనం వస్తారు. భూమి ఖరీదు ఎక్కువన్న మాట నిజమే. ఊరి చివర కట్టిన కాలనీకి రోడ్డు, నీళ్లు, మురుగు కాలువ, ఆపైన వరద పరిహారం కలిపి లెక్క వేసి ఆ తర్వాత ఏది చవకో తేల్చమని నా వాదన.

అహ్మదాబాద్‌లో టౌన్ ప్లానింగ్ స్కీముల పద్ధతి ఉంది. 1915 నాటి బొంబాయి చట్టం నుంచి వచ్చింది, 1976 గుజరాత్ చట్టంతో ఇప్పటికీ నడుస్తోంది. ఒక ప్రాంతంలోని యజమానులందరి భూమినీ కలిపి, అందరి నుంచీ కొంత భాగం తీసుకుని, మిగతాది చక్కటి ఆకారంలో తిరిగి ఇస్తారు. తీసుకున్న భాగంలో రోడ్లు, పార్కులు, బలహీన వర్గాల ఇళ్లు వస్తాయి. వాగు దారిని కూడా అలాగే ఉమ్మడిగా వదలవచ్చు. ఒక్క రైతే తన పొలం మొత్తం పోగొట్టుకోనక్కర్లేదు. అమరావతిలో 33 వేల ఎకరాలకు పైగా భూసమీకరణ చేసిన మనకు ఈ ఆలోచన కొత్త కాదు. విజయవాడ శివారు నున్న, అంబాపురం లాంటి చోట్ల చిన్న చిన్న ముక్కలుగా, ఇళ్లు లేవకముందే చేయాలి.

ఉన్న ఇళ్ల విషయంలో మాత్రం నేను గట్టిగా చెబుతాను: రిజిస్ట్రేషన్ రుసుము, ఇంటి పన్ను తీసుకున్న ప్రభుత్వం పనికి దగ్గరలో ఇల్లు చూపించకుండా జేసీబీ పంపకూడదు. కొల్లేరు కూడా మరువద్దు. 2006లో ఆ సరస్సులోని చేపల చెరువుల గట్లు కొట్టేసినా మళ్లీ లేచాయి. కింద అది నీళ్లు తీసుకోకపోతే ఇక్కడ బుడమేరు దిగదు.

మీరు ఇప్పుడే స్థలం చూస్తున్నారు కాబట్టి నా వృత్తి నుంచి కొన్ని సూచనలు. ఈసీ ఒక్కటే చూసి బయానా ఇవ్వకండి. లింకు దస్తావేజులన్నీ తెప్పించి హద్దులు వరసగా చదవండి. ఎక్కడైనా బోదె, డొంక, వాగు అని ఉండి తర్వాత మాయమైతే ఆగండి. తహసీల్దారు కార్యాలయంలో గ్రామ పటం, ఎఫ్ఎంబీ (సర్వే నంబరు కొలతల పుస్తకం) అడగండి. పాత ఆర్ఎస్ఆర్‌లో (భూముల వర్గం రాసిన రెవెన్యూ రిజిస్టరు) ఆ సర్వే నంబరు, దాని చుట్టుపక్కల నంబర్లు ఏ వర్గంలో ఉన్నాయో చూడండి, పోరంబోకు (ప్రభుత్వ ఉమ్మడి భూమి) ఆనుకుని ఉంటే సర్వేయరుతో కొలిపించండి. చివరగా, ఆ వీధిలో కాకుండా పక్క ఊళ్లో ఇంకా సాగు చేస్తున్న పెద్దాయన ఒకరిని పట్టుకుని 2005లో నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో అడగండి. అమ్మే మనిషి లేనప్పుడే అడగండి.