ఆది జాకెట్టు ఇంట్లో పెట్టి వెళ్ళు

ప్రశ్న: నాకు 29 ఏళ్ళు. బ్యాంకులో పని చేస్తాను. పాపకు ఏడు నెలలు, ఆపరేషన్ చేసి తీశారు. 26 వారాల సెలవు అయిపోయి మళ్ళీ డ్యూటీలో చేరాను. పెళ్ళప్పుడు 54 కిలోలు ఉండేదాన్ని, ఇప్పుడు 66. పొట్ట ఇంకా ఐదో నెలలా ఉంది. దాని నిండా చారలు, కుట్టు మీద ఒక మడత. మా ఆడపడుచు పెళ్ళి నాటికి తగ్గుతాను కదా అని పాత ఆది జాకెట్టు ఇచ్చి నాలుగు జాకెట్లు కుట్టించాను. ఒక్కటీ పట్టలేదు. పిన్నీసులు పెట్టుకుని పైట కప్పుకున్నాను. భోజనాల దగ్గర మావారి పిన్నిగారు అందరి ముందూ "ఏమ్మా, మళ్ళీ విశేషమా?" అని అడిగారు. ఆ రోజు నుంచి రాత్రిపూట అన్నం మానేశాను. లైటు ఆర్పాకే బట్టలు మార్చుకుంటున్నాను. మావారు ఏమీ అనరు, కానీ ఆయన చెయ్యి పొట్ట మీద పడితే తోసేస్తున్నాను. పాప అన్నప్రాశనకు ఫొటోలన్నీ నేనే తీశాను, ఒక్క దాంట్లోనూ నేను లేను. నేను మళ్ళీ మామూలు మనిషిని ఎప్పుడవుతాను?
– పేరు వద్దన్న పాఠకురాలు, ఖమ్మం

జవాబు: అమ్మా, ముందుగా ఈ రాత్రి అన్నం తిను. మిగతావన్నీ తర్వాత మాట్లాడుకుందాం.

నేను 31 ఏళ్ళు ప్రభుత్వాసుపత్రి కాన్పుల వార్డులో స్టాఫ్ నర్సుగా చేశాను. పాలిచ్చే తల్లికి రోజూ తినే దాని మీద మొదటి ఆరు నెలలూ 600, ఆ తర్వాత ఏడాది నిండే దాకా 520 కేలరీలు అదనంగా కావాలని భారత వైద్య పరిశోధన మండలి చెబుతుంది. అంటే ఉన్న పూట మానేయడం కాదు, దాని మీద ఇంకా కొంత నీకు అదనంగా కావాలి. నీ ఉత్తరంలో నన్ను అన్నిటికన్నా బాధపెట్టిన మాట అదే.

ఇక పొట్ట సంగతి. కాన్పు అయిన గంటలో గర్భసంచి దాదాపు కిలో బరువుంటుంది. ఆరు వారాలకు 60, 70 గ్రాములకు వచ్చేస్తుంది. అది తన పని అంత త్వరగా ముగిస్తుంది కాబట్టి చర్మమూ కండా కూడా అలాగే ముడుచుకోవాలని మనం అనుకుంటాం. వాటికి అంతకన్నా చాలా కాలం పడుతుంది. పొట్టకు నడిమధ్యన నిలువుగా రెండు కండలుంటాయి. బిడ్డ పెరిగేకొద్దీ అవి పక్కలకు జరుగుతాయి. కొందరికి నెలలు గడిచినా ఆ సందు మిగిలిపోతుంది. వెల్లకిలా పడుకుని, మోకాళ్ళు మడిచి, బొడ్డు పైన వేళ్ళు ఆనించి, తల కొంచెం పైకెత్తు. మధ్యలో రెండు వేళ్ళకన్నా ఎక్కువ దిగితే ఫిజియోథెరపిస్టును కలువు. ఆ సందు వల్ల ముందుకు వచ్చిన పొట్ట పస్తులుంటే తగ్గదు. వాళ్ళు చూసే దాకా పడుకుని లేచే కసరత్తులు కూడా మొదలుపెట్టకు.

మీ ఇంట్లో నడుముకు గుడ్డ కట్టించే ఉంటారు. నడుముకు ఆసరాగా, హాయిగా ఉంటుంది, అంతవరకూ మంచిదే. పొట్ట లోపలికి పోతుందని ఊపిరాడకుండా బిగిస్తే ఒత్తిడంతా కిందికి, గర్భసంచి వైపు మళ్ళుతుంది. ఇది పదిమందికి చెప్పే ఉద్యోగంలో ఉండి కూడా నా రెండో కాన్పు తర్వాత నేనూ అలాగే బిగించుకున్నాను. మా అబ్బాయి అన్నప్రాశన ఫొటో ఇప్పటికీ ఉంది. అందులో వెండిగిన్నె పట్టుకున్న నా చెయ్యి ఒక్కటే కనిపిస్తుంది. లావుగా ఉన్నానని మా అత్తగారి వెనక్కి జరిగాను. ఇప్పుడు మా మనవరాలు ఆ ఫొటో చూసి "నాయనమ్మా, నువ్వేదీ?" అంటే గాజులు చూపిస్తుంటాను. నీ ఉత్తరంలో ఆ ముక్క చదివి కాసేపు అలా కూర్చుండిపోయాను.

చారలు ఇప్పుడు ఎర్రగా, ఊదాగా ఉంటే క్రమంగా వెలిసి వెండి గీతల్లా సన్నబడతాయి. పూర్తిగా పోవు. పోగొడతామనే క్రీముల మీద డబ్బు పెట్టకు. మూడో నెల దాటాక జుట్టు కుచ్చులుగా ఊడటం మొదలై ఉంటుంది. అది చాలామందికి ఏడాది తిరిగేసరికి సర్దుకుంటుంది. కుట్టు దగ్గర మొద్దుబారినట్టుంటే చర్మంలోని సన్నని నరాలు తెగినందువల్లే. చాలామందికి స్పర్శ మెల్లగా వస్తుంది.

ఆ కుట్టును నువ్వు సరిగ్గా చూశావా? వార్డులో కట్టు మార్చేటప్పుడు చాలామంది తల పక్కకు తిప్పుకునేవాళ్ళు. వాళ్ళు ఇంటికి వెళ్ళేముందు చెయ్యి పట్టుకుని చెప్పేదాన్ని, "పూర్తిగా మానాక నువ్వే తాకి చూసుకోమ్మా" అని. నీకు ఏడు నెలలైంది కాబట్టి స్నానానికి ముందు రెండు చుక్కల కొబ్బరినూనెతో మెల్లగా రుద్దు. ఆ మచ్చ మెత్తబడుతుంది, నీ చేతికీ అలవాటవుతుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 100 కాన్పుల్లో 60కి పైగా ఆపరేషన్లే. ఇన్ని ఆపరేషన్లు ఎందుకన్నది నన్ను బాధించే వేరే ప్రశ్న. కానీ ఆ పెళ్ళి భోజనాల బంతిలో అదే కుట్టు ఉన్నవాళ్ళు నీ పక్కనే ఎందరో కూర్చుని ఉంటారు.

పిన్నిగారు మళ్ళీ అడిగితే "లేదు పిన్నిగారూ, ఇది పాపను మోసిన పొట్టే, ఏడు నెలలే అయింది" అని మామూలుగా చెప్పు. మన భాషలో 'బాలింత' అని ఒక మాట ఉంది. ఇంట్లో అందరూ ఆ మనిషికి కొంత వ్యవధి ఇవ్వాలని గుర్తుచేసే మాట అది. ఇప్పుడు ఆరు నెలలకే కౌంటర్లో కూర్చోవాల్సి వచ్చేసరికి ఆ వ్యవధి ఎవరూ ఇవ్వడం లేదు. నువ్వూ నీకు ఇచ్చుకోవడం లేదు.

మీవారికి విషయం చెప్పు. "నన్ను చూసుకోవడానికి నాకే సిగ్గుగా ఉంది, అందుకే తోసేస్తున్నాను" అంటే చాలు. లేకపోతే ఆయన ఇంకేదో అనుకుంటారు.

పాప పడుకున్నా నీకు నిద్ర రాకపోయినా, కారణం లేకుండా ఏడుపొచ్చినా, బతకాలనిపించకపోయినా ఆలస్యం చేయకుండా డాక్టరుకు చెప్పు. టెలి మానస్ అని మనసు బాగోలేనివాళ్ళ కోసం ప్రభుత్వం నడిపే ఫోన్ సేవ ఉంది, దాని నంబరు 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులు తీసుకోరు. థైరాయిడ్ పరీక్ష కూడా ఒకసారి చేయించుకో. కాన్పయిన ఏడాదిలోపు అది అటూఇటూ అయ్యేవాళ్ళున్నారు.

'మామూలు' అంటే నీ లెక్కలో ఆ 54 కిలోలేనని అర్థమైంది. కొంత తగ్గుతావేమో, కొంత ఉండిపోతుందేమో. ఆ రోజు వచ్చే దాకా నీ ఇష్టాలన్నీ బీరువాలో దాచుకోకు. ఈ ఆదివారం నీకు నచ్చిన రంగు జాకెట్టు గుడ్డ కొనుక్కుని దర్జీ దగ్గరికి వెళ్ళు. ఆది జాకెట్టు ఇవ్వకు, టేపు పెట్టి కొలవమను. లోపల రెండు వేళ్ళ గుడ్డ వదలమని కూడా చెప్పు. లావైనా సన్నబడినా విప్పి మళ్ళీ కుట్టుకోవచ్చు. అది తొడుక్కున్న రోజు ఫోను మీవారి చేతికిచ్చి, పాపను ఎత్తుకుని ఒక ఫొటో తీయించుకో. నీ మొహం కనబడాలి.