బ్రీఫ్‌కేసు పోగొట్టుకున్న దౌత్యాధికారి

ప్రశ్న: మొదటి ప్రపంచయుద్ధంలో అమెరికా 1917 దాకా తటస్థంగా ఉంది కదా. అక్కడి జనాన్ని తమవైపు తిప్పుకోవడానికి బ్రిటన్, జర్మనీ రెండూ ప్రచారం చేశాయట. జర్మనీది ఎందుకు బెడిసికొట్టింది?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: బాగా అడిగారమ్మా. నేను బళ్లో చరిత్ర చెప్పే రోజుల్లో ఈ కథ మొదలెడితే వెనక బెంచీ కూడా నిద్ర లేచేది.

యుద్ధం ప్రకటించిన మర్నాడే, 1914 ఆగస్టు 5న, సముద్రం అడుగున ఉన్న జర్మన్ టెలిగ్రాఫ్ తీగల్ని బ్రిటన్ కోసేసింది. ఇక యుద్ధవార్తలు చాలావరకు లండన్ సెన్సారును దాటుకునే అమెరికా చేరాలి. సగం పని అక్కడే అయిపోయింది.

మిగతా సగం వెల్లింగ్టన్ హౌస్ అనే బ్రిటన్ రహస్య ప్రచార కార్యాలయానిది. అందులో అమెరికా వ్యవహారం గిల్బర్ట్ పార్కర్ అనే నవలా రచయిత చూసేవాడు. ప్రొఫెసర్లకు, ఎడిటర్లకు, లైబ్రరీలకు పుస్తకాలు పంపేవాడు. వాటి మీద సర్కారు ముద్ర ఉండేది కాదు. తోడుగా తన పేరుతో ఓ మర్యాదైన ఉత్తరం, అంతే. ఎవరో పెద్దమనిషి అభిమానం కొద్దీ పంపాడనుకునేవాళ్లు.

అలాగని బ్రిటన్‌వాళ్లు సత్యసంధులనుకునేరు! బెల్జియంలో జర్మన్ సైన్యం వేలమంది పౌరుల్ని చంపిన మాట నిజం. కానీ ఆ దారుణాల మీద బ్రిటన్ సర్కారు వేసిన కమిటీ 1915 మేలో ఇచ్చిన బ్రైస్ నివేదిక, ప్రమాణం చేయించకుండా తీసుకున్న వాంగ్మూలాలతో, గాలి కబుర్లను కూడా అందులో కలిపేసింది.

జర్మన్లూ డబ్బు బాగానే చల్లారు, పత్రిక కూడా నడిపించారు. దాచుకోవడమే చేతకాలేదు. 1915 జులై 24న వాళ్ల దౌత్యాధికారి హైన్రిక్ ఆల్బర్ట్ న్యూయార్క్ రైల్లో కునుకు తీశాడు. స్టేషన్ రాగానే గబగబా దిగేసి, బ్రీఫ్‌కేసు సీట్లోనే వదిలేశాడు. వెంటాడుతున్న సీక్రెట్ సర్వీసు మనిషి దాన్ని పట్టుకుని ట్రామెక్కేశాడు. వెనక పరిగెత్తుకొస్తున్నవాడు పిచ్చోడని కండక్టరుకు చెప్పాడట! పాపం ఆల్బర్ట్, తెచ్చిచ్చినవారికి 20 డాలర్ల బహుమానమంటూ పేపర్లో ప్రకటన ఇచ్చుకున్నాడు. ఆగస్టులో అందులోని కాగితాలు కొన్ని 'న్యూయార్క్ వరల్డ్' పత్రికలో అచ్చయ్యాయి. ఏ పత్రికకు ఎంత ముట్టిందో ఊరంతా చదివింది.

అయితే ప్రచారం వల్లే అమెరికా యుద్ధంలో దిగిందంటే నేను ఒప్పుకోను. 1917 ఫిబ్రవరి నుంచి జర్మన్ జలాంతర్గాములు తటస్థ దేశాల ఓడల్ని కూడా వదల్లేదు. పైగా మాతో కలిస్తే టెక్సస్ మీకేనంటూ జర్మన్ విదేశాంగ మంత్రి జిమ్మర్‌మాన్ మెక్సికోకు టెలిగ్రామ్ కొట్టాడు. దాన్ని పట్టుకుని అమెరికా చేతిలో పెట్టింది బ్రిటనే. అది దొంగ టెలిగ్రామ్ అని చాలామంది అనుమానించారు కూడా. మార్చి 3న జిమ్మర్‌మానే, అవును, అది నేను పంపిందేనని ఒప్పేసుకున్నాడు.